రెండేళ్ళు పద్నాలుగు

సాంబమూర్తి అంకుల్ కనపడగానే సింగపూర్‌లో పుట్టిన తెలుగు పిల్లలు మెల్లగా తల్లుల వెనక్కి జారుకుంటారు. పాపం, ఆయన చెడ్డవాడేమీ కాదు. నలభై ఏళ్ళ కిందట షిప్‌యార్డు ఆఫీసులో గుమాస్తాగా వచ్చి ఇక్కడే స్థిరపడిపోయాడు. పెద్దవాళ్ళను "మకాన్ అయిందా?" అని, అంటే తిన్నారా అని, మలయ్ మాటతో పలకరిస్తాడు. ఆ వెంటనే పిల్లల మీదికి తిరిగి అచ్చ తెలుగులో పరీక్ష మొదలుపెడతాడు. నీ పేరేమిటి, మీ ఊరేది, మీ అమ్మ ఏం వండింది. పిల్లలు నీళ్ళు నములుతుంటే ఆయన తల్లిదండ్రుల వైపు చూసి నిట్టూరుస్తాడు. ఆ నిట్టూర్పు కోసమే అడుగుతాడేమోనని అరుంధతికి అనుమానం.

ఆ ఆదివారం యీషున్‌లో ఒక అపార్ట్‌మెంట్ బ్లాకు కింద తెలుగువాళ్ళ పిల్లవాడి పుట్టినరోజు. బెలూన్లు కట్టారు, ప్లాస్టిక్ కుర్చీలు వేశారు, ఇంట్లో చేసిన పులిహోర పక్కనే బయట కొన్న నూడుల్స్ పెట్టారు. అంకుల్ చేతికి ఉజ్వల చిక్కింది. అరుంధతి, చక్రధర్‌ల ఒక్కగానొక్క కూతురు. మూడో తరగతి.

"నీకెన్నేళ్ళమ్మా?" అన్నాడు అంకుల్.

ఉజ్వల తల్లి వెనక్కి పోలేదు. కళ్ళు పైకెత్తి, పెదాలు కదుపుతూ లోపల ఏదో లెక్క చూసుకుంది. "వన్," అంది. కాస్త ఆగి, "రిమైండర్ టూ," అంది.

కుర్చీలన్నీ గొల్లుమన్నాయి. అంకుల్ నోరు వెళ్ళబెట్టాడు. చక్రధర్ మొహం కందగడ్డయింది. అరుంధతి ఒక్కతికే పిల్ల ఏం చెప్పిందో అర్థమైంది. ఆ పిల్లకు తొమ్మిదేళ్ళు. తొమ్మిదిలో ఏడు ఒక్కసారి పోతుంది, రెండు మిగులుతాయి. ఎన్ని ఏళ్ళు అని అడిగారు, ఎన్ని ఏడులున్నాయో చెప్పింది. అడిగినవాళ్ళదే తప్పు.

ఆ ఇంట్లో వయసు ఎప్పుడూ ఇంగ్లీషులోనే నడిచింది. టూ ఇయర్స్ బ్యాక్, ఫైవ్ ఇయర్స్ ఓల్డ్. ఉజ్వల చెవిన ‘ఏళ్ళు’ అన్న మాట పడింది ఒకే ఒక్క చోట, అమ్మ నేర్పిన ఎక్కాల్లో. రెండేళ్ళు పద్నాలుగు, మూడేళ్ళు ఇరవై ఒకటి. అందులో ఏళ్ళంటే ఏడులే.

ఇంటికెళ్ళాక విడమరిచి చెబుదాంలే అనుకుంది అరుంధతి. చెప్పలేదు. చెబితే ఆ తప్పు పోతుంది, ఆ తప్పేమో ఆమెకు ముద్దొచ్చింది. ఒకప్పుడు తరగతిలో ఎవడు తప్పు పలికినా దిద్దనిదే కూర్చోనివ్వని మనిషి ఈ ఒక్క తప్పునూ కావాలని వదిలేసింది.

అరుంధతి బడిపంతులమ్మ. ఈ మాట సింగపూర్‌లో ఎవరికీ తెలియదు. ఇక్కడ ఆమె చక్రధర్ వైఫ్, ఉజ్వల మమ్మీ. పద్నాలుగేళ్ళ కిందట మాత్రం ప్రకాశం జిల్లాలో, దర్శి దగ్గర పల్లెలో, మండల పరిషత్ స్కూల్లో అరుంధతి టీచర్. పోటీపరీక్ష రాసి మొదటిసారే తెచ్చుకున్న ఉద్యోగం. ఆ బడికి గోడలు పగుళ్ళు, వానొస్తే వరండాలో నీళ్ళు. అయినా మూడో తరగతి ఎక్కాలు చెప్పే పూట వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగి వినేవాళ్ళు.

ఆమె పద్ధతి ఆమెది. ముందు ఎక్కాన్ని పాటగా పట్టించేది. అందరికీ పాట వచ్చేశాక ఆ పాటను తానే చెడగొట్టేది. తరగతిని రెండు గుంపులు చేసి, ఒక గుంపు చేత అడిగించి రెండో గుంపు చేత చెప్పించేది. "ఏడెనిమిదులు?" అని అటునుంచి అరిస్తే "యాభయ్యారు!" అని ఇటునుంచి కేక. కింది నుంచి పైకి, మధ్యలోంచి, తిరగేసి. పాట వచ్చినంత మాత్రాన ఎక్కం వచ్చినట్టు కాదని, ఎక్కడ పట్టుకొని అడిగినా చెప్పగలిగినప్పుడే వచ్చినట్టని ఆమె అనేది. బెత్తం ముట్టకుండా ఎక్కాలు చెప్పే టీచరని మండలమంతా పేరు. ఆ పేరంటే ఆమెకు నగానట్రా కన్నా ఎక్కువ.

చక్రధర్ ఒంగోలు కుర్రాడు, అప్పట్లో హైదరాబాదులో సాఫ్ట్‌వేర్. పెళ్ళయిన కొత్తలో సింగపూర్ ప్రాజెక్టు వచ్చింది. తంజోంగ్ పగార్‌లో బ్యాంకువాళ్ళ ఆఫీసు. ఆ కబురు తెచ్చిన సాయంత్రం అతను అరుంధతిని ఎదురుగా కూర్చోబెట్టుకొని ఎంత ప్రేమగా చెప్పాడని!

"రెండేళ్ళు. అంతే అరుంధతీ. ప్రాజెక్టు అయిపోగానే వచ్చేద్దాం. నువ్వు సెలవు పెట్టు, నీ పోస్టు ఎక్కడికీ పోదు."

ఆమె జీతం లేని సెలవు పెట్టింది. అప్పటికి పిల్లలకు ఏడో ఎక్కం సగంలో ఉంది. "రెండేళ్ళేగా టీచర్, ఇట్టే తిరిగొచ్చేస్తారు," అన్నాడు హెడ్మాస్టర్. వెనక బెంచీ పిల్లొకతె, మిగతా ఎక్కం ఎవరు చెబుతారని ఏడుపు మొదలెట్టింది. వచ్చాక నేనే చెబుతానని అరుంధతి మాటిచ్చింది. ఆ పిల్లకు ఈపాటికి పెళ్ళయి పిల్లలు కూడా పుట్టి ఉంటారు.

రెండేళ్ళూ అయ్యాయి. ప్రాజెక్టు పొడిగించారు. "ఇంకో రెండేళ్ళు," అన్నాడు చక్రధర్. ఆ తర్వాత కంపెనీ మారాడు. "ఇప్పుడేగా చేరాను, రెండేళ్ళన్నా ఉండకపోతే బాగుండదు," అన్నాడు. ప్రతిసారీ ఆ రెండేళ్ళనే చెప్పాడు, మనిషిని మెచ్చుకోవాలి, అంకె మార్చలేదు. అరుంధతి ప్రతిసారీ నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? సెలవు కాగితం పొడిగించుకుంటూ పోయింది. చివరికి ఒకరోజు కడుపులో ఉజ్వల ఉండగా, ఊళ్ళో తనతో పనిచేసిన లక్ష్మీదేవి ఫోన్ చేసింది.

"అరుంధతీ, నీ సర్వీసు తీసేశారంట. నీ స్థానంలోకి వేరే ఆవిడొచ్చింది. నిన్న జాయినైంది."

ఆ రోజు చక్రధర్ ఇంటికొచ్చి విషయం విని, "పోతే పోయిందిలే. ఆ పల్లెటూరి ఉద్యోగానికి ఇంత బాధా?" అన్నాడు. ఓదారుస్తున్నాననే అనుకున్నాడు. ఆమెకు కడుపు మండింది, కానీ కడుపుతో ఉన్నదాన్ని, ఎందుకులే అని ఊరుకుంది.

ఆ తర్వాత ఊరుకోవడం అలవాటైపోయింది. ఉజ్వల కాస్త పెద్దదయ్యాక, బడి అయ్యాక పిల్లల్ని చూసుకునే ఒక సెంటర్‌లో పని ఉందంటే వెళ్ళింది. అక్కడి ఆవిడ మర్యాదగానే మాట్లాడింది. అంతా విని, "మీ ఇంగ్లీషు మా పిల్లలకు అర్థం కాదేమో," అంది. వంటపనికైతే పిలుస్తామంది. అరుంధతి థాంక్స్ చెప్పి బస్సెక్కింది. ఆ సంగతి మొగుడికి చెప్పలేదు.

అలాంటి ఇంట్లో కిందటేడు ఉజ్వల ఎక్కాలకు వచ్చింది. బళ్ళో రంగురంగుల కార్డులిచ్చారు. ఫోన్లో ఆటలిచ్చారు. చక్రధర్ ఇంకో ఆట కొనిచ్చాడు. పిల్ల కార్డులు పరుచుకొని ఇల్లు కట్టింది, ఆటలో కుందేలుకు క్యారెట్లు తినిపించింది. ఎక్కం మాత్రం ఒక్కటీ తలకెక్కలేదు. నాలుగో ఎక్కం దగ్గర కూలబడి, "ఐ యామ్ స్టుపిడ్ లా," అని సింగపూర్ ఇంగ్లీషులో ఏడ్చింది.

ఆ ఏడుపు విన్న అరుంధతి స్టవ్ కట్టేసి వచ్చి కూతురి పక్కన నేలమీద కూర్చుంది.

"నీకు రాకపోవడం కాదమ్మా. నీకు ఎవరూ చెప్పలేదు. నేను చెబుతా, నాతో అను. రెండొకట్లు రెండు."

"రెండొకట్లు రెండు," అంది ఉజ్వల ముక్కు తుడుచుకుంటూ.

ఇక చూడాలి ఆ ఇంటిని! పప్పు కుక్కర్‌లో పడితే ఎక్కం, బట్టలు మడతపెడితే ఎక్కం. బడికి నడిచే దారంతా పాట. పాట పట్టుబడ్డాక దాన్ని చెడగొట్టడానికి లిఫ్టు దొరికింది. వాళ్ళది పదకొండో అంతస్తు. కింద తలుపు మూసుకోగానే అమ్మ అడగడం మొదలుపెట్టేది, పైన తలుపు తెరుచుకునే లోపల ఎన్ని చెబితే అన్ని. "ఆరేళ్ళు?" "నలభై రెండు!" "ఏడెనిమిదులు?" "యాభయ్యారు!" రోజూ అదే లిఫ్టులో వచ్చే పక్కింటి మలయ్ ఆవిడకు ఆ చివరిది ఎందుకో నచ్చేసి, ఉజ్వల కనపడితే చాలు "యాబయ్యారు!" అని పలకరించేది. అరుంధతి ఆ లిఫ్టులో నవ్వినంతగా ఈ దేశంలో మరెక్కడా నవ్వలేదు. చెప్పే టీచరు ఒకతి, వినే పిల్ల ఒకతి. అయినా అది తరగతే. ఆమెకు తన ఉద్యోగం తనకు తిరిగొచ్చినట్టే ఉంది.

పిల్లకు మూడో తరగతి మొదలయ్యేసరికి తొమ్మిదో ఎక్కం దాకా వచ్చేసింది. ఆ ధైర్యంతోనే పుట్టినరోజు నాడు అంకుల్‌కు అంత దర్జాగా జవాబు చెప్పింది.

పుట్టినరోజు నుంచి ఇంటికి నడుస్తున్నారు. రోడ్డు దాటడానికి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చక్రధర్ నోరు విప్పాడు.

"అందరి ముందూ నవ్వులపాలు చేశావు. స్కూలు టీచర్ మెసేజ్ చూశావా? పోయిన వారం స్పీడ్ టెస్టులో సగం పేపర్ ఖాళీగా ఇచ్చిందంట. రాసినవన్నీ కరెక్టేనంట, స్లోగా ఉందంట. లెక్క చూసినప్పుడల్లా పెదాలు కదుపుతోందంట. తెలుగులోకి మార్చుకొని, ఆన్సర్ తెచ్చుకొని, మళ్ళీ ఇంగ్లీషులోకి మార్చి రాస్తోంది. నీ పుణ్యమే ఇది."

"రాసినవన్నీ కరెక్టే కదండీ," అంది అరుంధతి.

"టైముకి రాయని కరెక్టు ఎందుకు? రేపటి నుంచి స్టేషన్ పక్కన ట్యూషన్‌కి వెళ్తుంది, మాట్లాడేశాను. నువ్వు ఇంక లెక్కలు ముట్టుకోకు. తెలుగు కూడా... అంకుల్ శనివారాలు వాళ్ళ ఫ్లాట్‌లో క్లాసు పెడుతున్నాడంట. అక్కడే సరిగ్గా నేర్చుకుంటుంది."

పచ్చ లైటు వెలిగింది. వాళ్ళు దాటారు. ఉద్యోగం పోవడం అరుంధతికిది రెండోసారి. మొదటిసారి ఉన్నది ఒక్క ఉద్యోగం, ఈసారి లెక్కలూ తెలుగూ రెండూ పోయాయి. ఆ రాత్రి చపాతీలు ఒత్తుతూ ఆమె తొమ్మిదో ఎక్కం మనసులో అనుకుంటూ పోయింది. తొమ్మిదేళ్ళ దగ్గర తడబడి, మళ్ళీ మొదటికొచ్చింది.

సరిగ్గా అప్పుడే లక్ష్మీదేవి మళ్ళీ ఫోన్ చేసింది. దేవుడికి కూడా సమయం చూసి గిల్లడం తెలుసు.

"ఏమే, నోటిఫికేషన్ పడింది చూశావా? టీచర్ పోస్టులు. మన జిల్లాలో బాగానే ఉండాయి. వయసు లెక్క చూశా, నీకు సరిపోద్ది. కానీ ఇదే ఆఖరు. మళ్ళీసారి పడేసరికి నీకు వయసు దాటిపోద్ది. ఈ నెలాఖరులోపు అప్లై చెయ్యి. రాస్తే నీకు రాకపోవడమేంది?"

అరుంధతి ఫోన్ పెట్టేసింది. నలభై మూడేళ్ళ ఆడది పరీక్ష రాయడం, మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టడం. ఎవరైనా నవ్వుతారు. నవ్వనీ అనుకుంది. సెలవు పెట్టి మధ్యలో వదిలేసి వచ్చిన ఏడో ఎక్కం గుర్తొచ్చింది. ఈసారి తాడో పేడో తేల్చుకోవాలనుకుంది.

మర్నాడు సాయంత్రం భోజనాల దగ్గర చెప్పింది. ఉజ్వల పక్కన సోఫాలో ట్యూషన్ వర్క్‌షీట్ ముందేసుకుని కూర్చుంది. చక్రధర్ సాంబారు కలుపుకుంటూ అంతా విన్నాడు. కోప్పడలేదు. అతను కోప్పడని రోజులే ఆమెకు భయం.

"మంచిదే. కానీ ఇప్పుడే ఎందుకు? నా ప్రమోషన్ సంగతి తేలనీ. ఇంకో రెండేళ్ళు ఆగు, అందరం కలిసి వెళ్ళిపోదాం."

అరుంధతి చేతిలోని గరిటెను గిన్నెలో పడేసింది. ఆ ఇంట్లో కోపం వస్తే మాత్రం ఇంగ్లీషు పనికిరాదు.

"రెండేళ్ళు! ఆ మాట నా దగ్గర ఇంకోసారి అనకండి. రెండేళ్ళని చెప్పి తీసుకొచ్చారు. నా బడి, నా పిల్లలు, నా ఉద్యోగం, అన్నీ ఆ రెండేళ్ళని నమ్మి వదిలేసి వచ్చా. ఎంతయ్యింది? పద్నాలుగయ్యింది! రెండేళ్ళంటే పద్నాలుగా అండీ?"

సోఫాలోంచి ఉజ్వల తల ఎత్తింది. అమ్మానాన్నా దేనికోసం అరుచుకుంటున్నారో ఆ పిల్లకు అర్థం కాలేదు. చివరి ప్రశ్న మాత్రం బాగా అర్థమైంది. అది తనకు వచ్చిన ప్రశ్న. లిఫ్టులో ఎన్నిసార్లు చెప్పిందో.

"ఎస్ అమ్మా! రెండేళ్ళు పద్నాలుగు. నాన్న కరెక్టే చెప్పాడు లా."

చక్రధర్ నవ్వాడు. చిన్న నవ్వు కాదు, కుర్చీ వెనక్కి వాల్చి, పొలమారి, నీళ్ళు తాగి మళ్ళీ నవ్వాడు.

"విన్నావా? నువ్వు నేర్పిన ఎక్కమే! నేను మొదటి రోజే పద్నాలుగని చెప్పానమ్మా, మీ అమ్మే తప్పు విన్నది." కూతుర్ని దగ్గరికి లాక్కొని ముద్దుపెట్టుకున్నాడు. ఉజ్వల మురిసిపోయింది. చాలా రోజుల తర్వాత లెక్కల్లో నాన్న మెచ్చుకున్నాడు మరి.

అరుంధతికి ఒళ్ళంతా మండింది. పిల్ల మీద ఎలా కోప్పడుతుంది? తానే నేర్పింది, తానే దిద్దకుండా వదిలింది. మొగుడి మీద కోప్పడదామంటే అతను నవ్వుతున్నాడు. నవ్వేవాడితో పోట్లాడితే పోట్లాడేవాళ్ళే పిచ్చివాళ్ళలా కనపడతారు. అయినా ఆమె వదల్లేదు. పిల్లను పడుకోబెట్టి వచ్చి, "నేను అప్లై చేస్తున్నా," అంది.

అప్పుడు అతను నవ్వడం ఆపాడు.

"చెయ్యి. వెళ్ళు. నేనేం కట్టేశానా? ఉజ్వల మాత్రం కదలదు. దాని బడి ఇక్కడ, దాని భవిష్యత్తు ఇక్కడ. దర్శి పక్కన పల్లెటూళ్ళో దాన్ని ఏ బళ్ళో వేస్తావు, నీ బళ్ళోనా?"

ఆ ఆఖరి మాటను ఎంత తేలిగ్గా అన్నాడో! ఆమె బడి అంటే ఆమె ముందే అలా తేలిపోయింది. కూతురా, ఉద్యోగమా అని ఒక తల్లిని అడిగినవాడికి జవాబు ముందే తెలుసు, అందుకే అడుగుతాడు.

అయినా ఆమె ఫోన్లో అప్లికేషన్ తెరిచింది. పేరు, పుట్టిన తేదీ, చదువు నింపింది. పని చేసిన అనుభవం అన్న గడిలో ఐదు సంవత్సరాలని రాసింది. మధ్యలో ఈ పద్నాలుగేళ్ళకు ఆ అప్లికేషన్‌లో గడి లేదు. రోజూ తెరిచేది, రోజూ మూసేది. ఉజ్వల బడినుంచి వచ్చి, లిఫ్టులో పాత అలవాటుగా తల్లి మొహంలోకి చూసేది, అడుగుతుందేమోనని. అరుంధతి అంతస్తుల అంకెలు చూస్తూ నిలబడేది. పక్కింటి ఆవిడ "యాబయ్యారు!" అంటే ఇద్దరూ ఊరికే నవ్వేవాళ్ళు.

ఈలోపు ఆ జోకు ఊరు తిరిగింది. చక్రధర్‌కు మంచి వినోదం దొరికింది. ఆఫీసులో చెప్పాడు, వీడియో కాల్లో ఒంగోలు చుట్టాలకు చెప్పాడు, ఇంటికి ఎవరొచ్చినా కూతుర్ని పిలిచి నిలబెట్టాడు. "చెప్పమ్మా, మీ అమ్మని సింగపూర్‌కి ఎన్నేళ్ళని తీసుకొచ్చాను?" "రెండేళ్ళు!" "రెండేళ్ళు అంటే?" "పద్నాలుగు!" చప్పట్లు. వచ్చినవాళ్ళలో ఆడవాళ్ళు కూడా నవ్వారు. నవ్వుతూనే ఒకరిద్దరు అరుంధతి వైపు చూసి వెంటనే చూపు తిప్పుకున్నారు. వాళ్ళకూ ఎవరో ఒకరు ఎప్పుడో రెండేళ్ళనే చెప్పి ఉంటారు. ఆమె కాఫీలు ఇస్తూ, గ్లాసులు తీస్తూ, తన ఎక్కంతో తననే కొడుతుంటే నిలబడి వింది.

నెలాఖరు వచ్చింది. ఆఖరి రోజు మధ్యాహ్నం దాకా ఆమె ఫోన్ చేతిలో పట్టుకొని కూర్చుంది. పంపమని అడిగే చోట వేలు పెట్టి, తీసేసింది. ఉజ్వలను ట్యూషన్‌నుంచి తీసుకొచ్చే వేళయింది. చెప్పులేసుకొని వెళ్ళింది. ట్యూషన్ బయట నిలబడితే లోపల పిల్లలంతా ఇంగ్లీషులో, గడియారంతో పందెం వేసినట్టు చదువుతున్నారు. సెవెన్ ఎయిట్స్ ఆర్ ఫిఫ్టీ సిక్స్. అందులో కూతురి గొంతు గట్టిగా, తడబాటు లేకుండా వినపడింది. పెదాలు కదపడం మానేసిందట, టీచర్ మెసేజ్ కూడా పెట్టింది. అరుంధతి సంతోషించాలి. సంతోషించలేకపోయింది. లక్ష్మీదేవి రెండుసార్లు ఫోన్ చేసింది, ఆమె ఎత్తలేదు. ఆఖరి తేదీ అలా దాటిపోయింది.

తర్వాతి ఆదివారం సాంబమూర్తి అంకుల్‌ను భోజనానికి పిలిచారు. శనివారం క్లాసుకు ఆయన ఫీజు తీసుకోడు, అందుకని చక్రధర్ మర్యాద. ఆఫీసు స్నేహితులు ఇద్దరు భార్యలతో వచ్చారు. గుత్తొంకాయ కూర, గోంగూర, పెరుగావడలు. అంకుల్ రెండోసారి వడ్డించుకొని, తన క్లాసులో ఉజ్వల ఎంత చురుకో చెప్పాడు. చక్రధర్ పొంగిపోయాడు. అంకుల్ ఆ జోకు ఇంకా వినలేదని అతనికి అప్పుడు గుర్తొచ్చింది.

"అంకుల్, మీరిది వినాలి. ఉజ్వలా, ఇట్రా! మీ అమ్మని ఎన్నేళ్ళని తీసుకొచ్చాను నేను?"

"రెండేళ్ళు," అంది ఉజ్వల.

"రెండేళ్ళు అంటే?"

స్నేహితులు నవ్వడానికి సిద్ధమయ్యారు. ఉజ్వల ఒకసారి అంకుల్ వైపు, ఒకసారి నాన్న వైపు చూసింది.

"రెండే నాన్నా. ఏళ్ళంటే ఇయర్స్. నిన్న అంకుల్ క్లాసులో చెప్పారు. ఏడాది, ఏడు, ఏళ్ళు. రెండేళ్ళంటే టూ ఇయర్స్ ఓన్లీ." కనుబొమలు ముడిచి, మధ్యలో ఆగిన లెక్కను పూర్తి చేస్తున్నట్టు అడిగింది. "దెన్ వై ఫోర్టీన్? నువ్వు అమ్మకి లై చెప్పావా?"

ఎవరూ నవ్వలేదు. ఒక స్నేహితుడు పెరుగావడ మీద దృష్టి పెట్టాడు. చక్రధర్ నవ్వబోయి, నవ్వు సగంలో ఆపేసి, "పిల్లలు చూడండి..." అన్నాడు. ఏం చూడాలో చెప్పలేకపోయాడు.

ఉజ్వల తల్లి వైపు తిరిగింది. "అమ్మా, నేను కరెక్టా?"

ఇన్నేళ్ళుగా అరుంధతి ఎదురు చూసిన మాట అది. ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు, నలుగురిలో ఆ మనిషిని నిలదీసి అడగాలని ఎన్నిసార్లు కోరుకుందో. తీరా అడిగేసరికి ఆఖరి తేదీ పోయి వారం కాలేదు. ఆమెకు ఏడుపొచ్చింది, సిగ్గూ వచ్చింది. దాచుకోవాలనిపించలేదు. తప్పు చెప్పిన పిల్లను దిద్దడం, ఒప్పు చెప్పిన పిల్లను కూర్చోబెట్టడం, ఆమెకు వచ్చిన పని ఇదొక్కటే.

"కరెక్టేనమ్మా," అంది అందరి ముందూ. "నువ్వు చెప్పిందే కరెక్టు. మీ నాన్న అబద్ధం చెప్పాడు. ఇక కూర్చో."

చక్రధర్ తల దించుకొని అన్నం కెలుకుతున్నాడు. సాంబమూర్తి అంకుల్‌కు ఈ గొడవంతా సగమే అర్థమైంది. తన క్లాసు గొప్పతనం మాత్రం పూర్తిగా అర్థమైంది.

"చూశారా చక్రధర్‌గారూ? ఒక్క నెలలో పిల్లకు తెలుగు ఎంత బాగా పట్టుబడిందో! అప్పట్లో ఎన్నేళ్ళంటే ఏదో రిమైండర్ అనేది."

అరుంధతి ఆయన విస్తట్లో ఇంకో పెరుగావడ వేసింది. భోజనాలయ్యాక అందర్నీ సాగనంపడానికి తల్లీ కూతురూ కిందికి దిగారు. తిరిగి ఎక్కేటప్పుడు లిఫ్టులో ఇద్దరే ఉన్నారు. తలుపు మూసుకుంది. అరుంధతి చాలా రోజుల తర్వాత నోరు తెరిచింది.

"మూడేళ్ళు?" అంది.

"త్రీ ఇయర్స్," అంది ఉజ్వల వెంటనే.

అరుంధతి ఇంకేమీ అడగలేదు.